వాము కలిపిన ముద్ద

మా అమ్మకు పక్షవాతం వచ్చిన ఏడాది నేను ఆడుకునే పిండి చేయడం నేర్చుకున్నాను. అప్పటికే తెనాలిలో ఒక చిన్నపిల్లల బడిలో పనిచేస్తున్నాను గాని, మొదట చేసింది పిల్లల కోసం కాదు, అమ్మ కోసం.

అమ్మకు కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. ఆసుపత్రి నుంచి మా ఇంటికి తీసుకొచ్చాక, వ్యాయామం చేయించడానికి వచ్చే ఆవిడ ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజుకు నాలుగుసార్లు రెండు చేతులతోనూ పిసికించమంది. అమ్మ ఆ బంతిని ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, మంచం కిందికి జారవిడిచేది. నేను తీసి చేతిలో పెట్టేదాన్ని. మళ్ళీ జారవిడిచేది. చెరుకుపల్లి దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో మూత తీయకుండానే చెప్పగలిగేది. ఆ ముక్కుకు రబ్బరు కంపు ఎలా నచ్చుతుంది?

బడిలో పిల్లలకు కొనిచ్చే రంగు మట్టి గుర్తొచ్చింది. అలాంటిదేదో ఇంట్లో చేస్తే సరిపోతుందనుకున్నాను. మొదటిసారి పచ్చిపిండి కలిపాను. మర్నాటికి పులిసి, వేళ్ళకు అంటుకుపోయింది. రెండోసారి పొయ్యి మీద పెట్టాను. రెండు గ్లాసుల మైదా, గ్లాసు ఉప్పు, రెండు గ్లాసుల నీళ్ళు, రెండు చెంచాల నూనె, కాస్త నిమ్మఉప్పు. సన్నమంట మీద గరిట ఆపకుండా తిప్పాలి. చలిమిడి పాకం దగ్గర నిలబడ్డంత జాగ్రత్తగా ఉండాలి. ముద్ద మూకుడు అంచులు వదిలి గరిటకు చుట్టుకోగానే దించేసి, చెయ్యి పట్టే వేడి ఉండగానే నూనె రాసుకుని మర్దించాలి. నీళ్ళ బదులు వట్టివేళ్ళు నానబెట్టిన నీళ్ళు పోశాను. అమ్మ దాన్ని వాసన చూసింది. కింద పడేయలేదు.

ఆ తర్వాత వారానికో వాసన. యాలకులు ఒకసారి, మరువం ఒకసారి, సొంఠి ఒకసారి. అమ్మ ఎడమచేత్తో బాగా పిసికేది. కుడిచేతి వేళ్ళ మధ్య నేను పెట్టి, పైనుంచి నా చేత్తో నొక్కేదాన్ని. నాలుగు నెలలు అలా గడిచాయి. చేతికి కొంచెం పట్టు వచ్చింది గాని మాట రాలేదు.

ఒక మధ్యాహ్నం వాము దంచి కలిపాను. ముద్ద అమ్మ చేతికిచ్చి బట్టలు ఆరేయడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ ముద్ద తుంచి నోట్లో పెట్టుకుంటోంది. అందులో గ్లాసు ఉప్పుంది. ఆవిడకు బీపీ. ఆ నెలలో నాకు నిద్ర లేదు, ఓపిక లేదు. ఇవన్నీ నిజమే, కాని నేను చేసిన పనికి అవి సరిపోయే కారణాలు కావు. ఆవిడ చేతిమీద కొట్టాను. గట్టిగానే కొట్టాను. పనిచేసే ఎడమచేతిమీదే. నోట్లోంచి వేలితో పిండి తీసి, "చిన్నపిల్లవా?" అని అరిచాను.

అమ్మ నా వంక చూసి, నాలుక మడతపడుతుండగా, "జంతికలు" అంది.

నాలుగు నెలల తర్వాత వచ్చిన మొదటి మాట అది. ఎవరికైనా పండగలా గుర్తుండాల్సిన మాట. నాకు మాత్రం నా దెబ్బ చప్పుడు లేకుండా అది గుర్తుకురాదు. అమ్మ ఇంకో ఏడాదిన్నర బతికింది. పాతిక మాటల దాకా తిరిగొచ్చాయి. ఆ దెబ్బ గురించి ఒక్క మాటా అనలేదు. అనలేకపోయిందో, అనదలుచుకోలేదో తెలియదు. అమ్మ మాట్లాడిందని మా ఇంట్లో అందరికీ చెప్పాను. కొట్టానని మా ఆయనకు కూడా చెప్పలేదు.

అమ్మ పోయాక ఆ ముద్దల్ని బడికి తీసుకెళ్ళాను. బీట్‌రూట్ రసంతో ఎరుపు, పసుపుతో పసుపు, పాలకూరతో ఆకుపచ్చ. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు ముప్పై మంది. చాప మీద కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, ఒక్కొక్కరి ముక్కు దగ్గర ముద్ద పెట్టి ఏంటో చెప్పమనేదాన్ని. యాలకుల ముద్దకు "పాయసం" అనేవాళ్ళు. సొంఠికి ఒక పాప "మా నానమ్మ దగ్గు" అంది. నారింజ తొక్క వాసనకు ముప్పై నోళ్ళూ ఒక్కసారి తెరుచుకున్నాయి. బడి మొత్తానికి అది 'వాసన ముద్ద' అయిపోయింది. నందివెలుగు నుంచి, అంగలకుదురు నుంచి ఆటోల్లో వచ్చే పిల్లలు దిగుతూనే, "టీచర్, ఇవాళ ఏ వాసన?" అని అడిగేవాళ్ళు. వాము మాత్రం ఎప్పుడూ కలపలేదు.

బడిలో నాతోపాటు ఇంకో టీచరుండేది. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. రేపల్లె నుంచి రోజూ పాసింజరులో వచ్చేది. పెళ్ళి కాలేదు. తండ్రి చిన్నప్పుడే పోతే, తల్లి ఇంట్లో జాకెట్లు కుట్టి చదివించింది. నన్ను అక్కా అనేది. శనివారం మధ్యాహ్నాలు బడి అయిపోయాక మా ఇంటికొచ్చి, నా పక్కన నిలబడి పిండి మర్దించేది. ఏ రంగుకు ఎంత రసమో, ఎండాకాలం ఎన్నాళ్ళు నిలవుంటుందో అన్నీ చూసి నేర్చుకుంది. దాచుకోవడానికి అందులో ఏముందని? నాకు చెల్లెళ్ళు లేరు. ఆమె వచ్చిన శనివారం ఇల్లు నిండుగా ఉన్నట్టుండేది. ఒకటి రెండుసార్లు నేనూ రేపల్లె వెళ్ళాను. వాళ్ళమ్మ మితభాషి. కుట్టుమిషను దగ్గర నుంచి లేచి వచ్చి, అన్నం పెట్టి, "తినమ్మా" అని మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

ఒకరోజు బడిలో ఒక పాప ముద్ద కొరికింది. ఈ అమ్మాయి పాప చెయ్యి విదిలించి, "ఛీ, తినకూడదని చెప్పానా లేదా?" అంది. గట్టిగా ఏమీ కాదు. అయినా నేను అక్కడ ఉండలేక, వెళ్ళి వెనక వరండాలో కూర్చున్నాను. ఆమె వెనకే వచ్చింది.

"ఏంటక్కా? ఒంట్లో బాలేదా?"

అప్పుడు చెప్పాను. రబ్బరు బంతి దగ్గర నుంచి జంతికల దాకా. దెబ్బ కూడా. ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పేటప్పుడు గొంతు మనది కానట్టుంటుంది. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

"ఇది నా దగ్గరే ఉంటుందక్కా. ఎవరికీ చెప్పను" అంది. నేను అడగకుండానే అంది.

మరుసటి ఏడు బాపట్లలో చిన్నపిల్లల బడుల టీచర్లందరికీ ఒక రోజు సమావేశం పెట్టారు. ఒక్కో బడి నుంచి ఒకరు తాము చేసిన కొత్త పనేదైనా చెప్పాలి. మా హెడ్మిస్ట్రెస్ నన్ను మాట్లాడమంది. నాకు మైకు చూస్తే నోరు పిడచకట్టుకుపోతుంది. నేనే ఆ అమ్మాయిని చూపించాను. "తను చెప్తుందండి. నాకంటే బాగా చెప్తుంది" అన్నాను. ముందు రోజు కూర్చుని ఆరు ముద్దలు చేశాను. స్టీలు డబ్బాలో సర్ది, తెనాలిలో రైలెక్కి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె దారి పొడుగునా కాగితం మీద ఏదో రాసుకుంటూ వచ్చింది. చూపించమంటే, "అక్కడే విందువుగానిలే అక్కా" అని నవ్వింది.

హాల్లో నూరు మంది దాకా ఉన్నారు. నేను నాలుగో వరసలో కూర్చున్నాను. ఆమె కొలతలు చెప్పింది, ముద్దలు ముందు వరసల్లోకి పంపింది. అందరూ వాసన చూసి తలలూపుతున్నారు. నాకు గర్వంగానే ఉంది. నా పేరు చెప్పలేదని కూడా అప్పటికి తట్టలేదు.

అప్పుడామె కాగితం మడిచి పక్కన పెట్టింది.

"ఇది నాకెలా తెలిసిందో చెప్తానండి. మా అమ్మకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది" అంది.

ఏదో తడబడిందనుకున్నాను. 'మా అక్క వాళ్ళ అమ్మకు' అనబోయి అలా అందనుకుని, సర్దుకోవడం కోసం చూస్తున్నాను. ఆమె సర్దుకోలేదు. రబ్బరు బంతి చెప్పింది. మంచం కింద పడేయడం చెప్పింది. వట్టివేళ్ళు చెప్పింది. మూత తీయకుండా డబ్బాలో ఏముందో చెప్పే ముక్కు గురించి చెప్పింది. అది నేను ఆ వరండాలో అన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా. తర్వాత వాము దగ్గరికొచ్చింది. ఆమె చెప్పినదాంట్లో కూతురు బట్టలు ఆరేయడానికి వెళ్ళలేదు. పక్కనే కూర్చుని, ముద్ద తల్లి ముక్కు దగ్గర పెట్టి, తల నిమురుతూ ఉంది. తల్లి కళ్ళు తెరిచి, "జంతికలు" అంది. కూతురు తల్లిని కౌగలించుకుంది.

"మా అమ్మ ఇప్పుడు లేదండి. ఈ వాసనల్లో ఉంది" అని ముగించింది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. నా పక్కనున్న పెద్దావిడ పమిటతో కళ్ళొత్తుకుంటూ, "ఎంత అదృష్టవంతురాలండీ ఆ తల్లి" అంది. నేను కూడా చప్పట్లు కొట్టాను. చేతులు ఎందుకు కలిశాయో ఇప్పటికీ తెలియదు. రేపల్లెలో ఆ సమయానికి వాళ్ళమ్మ మిషను మీద కూర్చుని ఉంటుందని మాత్రం ఆలోచించాను.

బాపట్ల స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "మా అమ్మను ఎందుకు తీసుకున్నావు?"

ఆమె పట్టాల వైపు చూస్తూ చెప్పింది. "నువ్వెలాగూ ఎవరికీ చెప్పవుగా అక్కా. అంత మంచి విషయం నీ దగ్గరే ఉండిపోతుందని."

"అది మా అమ్మ సంగతని చెప్పొచ్చుగా. 'మా అక్క వాళ్ళమ్మ' అంటే ఏం పోయింది?"

"వేరేవాళ్ళ అమ్మ అంటే ఎవరు వింటారక్కా?"

"మీ అమ్మ బతికే ఉంది."

రైలొచ్చింది. ఎక్కాం. ఖాళీ డబ్బా ఈసారి ఆమె పట్టుకుంది. తెనాలిలో దిగినప్పుడు నా చేతికివ్వబోతే, "నువ్వే ఉంచుకో" అని ఇంటికొచ్చేశాను. వంటింట్లో వట్టివేళ్ళు నానబెట్టిన గిన్నె అలాగే ఉంది. పారబోశాను.

మర్నాడు హెడ్మిస్ట్రెస్‌తో చెప్పాను. ఆవిడ విని, కళ్ళజోడు తుడుచుకుని, "పోనీలేమ్మా. ఎవరి పేరైతేనేం, బడికి పేరొచ్చింది గదా" అంది. ఆవిడ మంచిదే. ఆ మాటతో నాకు ఆ బడిలో కూడా తల పెట్టుకోవడానికి భుజం లేదని తెలిసింది.

ఆ అమ్మాయి నాతో మామూలుగానే ఉండటానికి ప్రయత్నించింది. టిఫిన్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టేది. నేను తినేదాన్ని కాదు. పిల్లలు వాసన ముద్ద అడిగితే, "ఇవాళ లేదు" అనేదాన్ని. రెండు వారాలకు వాళ్ళు అడగడం మానేశారు. పిల్లలు మానేయడం కూడా నాకు బాధే అయింది. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు.

ఆ సభలో ఎవరో ఆమె మాటల్ని ఫోన్లో తీశారట. అది టీచర్ల ఫోన్ల నుంచి చుట్టాల ఫోన్లకు, అక్కణ్ణుంచి ఊళ్ళకు వెళ్ళింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి గేటు చప్పుడైతే చూశాను. రేపల్లె నుంచి వాళ్ళమ్మ. చేతిలో గుడ్డసంచీ, చెమటతో తడిసిన జాకెట్టు. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చాను. సగం తాగి గ్లాసు కింద పెట్టింది.

"నేను పోయానంట గదమ్మా" అంది.

ఆ గ్లాసు తీసి మళ్ళీ ఆవిడ చేతికివ్వబోయాను.

"పక్కింటామె ఫోన్లో చూపించింది. మా అమ్మాయి నేను పోయానని చెప్పి ఏడుస్తా ఉంది. పక్కన కూర్చుని నేనే చూశా. పక్కింటామె నా మొహం చూస్తుంది. ఏం చెప్పను?"

"మీరు కూర్చోండి పిన్నిగారూ" అన్నాను. కూర్చునే ఉంది.

"మా ఇంట్లో జంతికల గొట్టమే లేదమ్మా. ఎప్పుడూ చెయ్యలేదు, తీరిక లేక. నువ్వు వాసనల పిండి చేస్తావని అదెప్పుడూ చెప్పేది. అందుకే నీదే అయ్యుంటుందనుకుని వచ్చా. మీ అమ్మేనా?"

"అవునండి."

"జరిగింది జరిగినట్టు చెప్పమ్మా. అది చెప్పింది కాదు."

చెప్పాను. ఈసారి గొంతు నాదే అనిపించింది. దెబ్బ దగ్గరికి వచ్చినప్పుడు ఆగబోయి, ఆగలేదు. ఆవిడ తలవంచుకుని విన్నది. కుట్టుపనితో వంకరపోయిన చూపుడువేలిని రెండో చేత్తో రుద్దుకుంటోంది. అలా రుద్దుకుంటూనే, "దాన్ని నేనూ కొట్టేదాన్ని" అంది.

నేను తలెత్తి చూశాను.

"చిన్నప్పుడు. బట్ట కత్తిరిస్తుంటే అడ్డమొచ్చి కూర్చునేది. స్కేలుతో ఒకటి వేసేదాన్ని. పండక్కి ముందైతే రోజూ. దగ్గరికి తీసుకుంది లేదు. ఎప్పుడు తీసుకోను, చేతిలో కత్తెర ఉంటే?" వేలు వదిలేసి, "అందుకే దెబ్బ తీసేసిందేమో" అంది.

ఆ మాట నాకు అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండునని కూడా అనిపించింది. నా కోపానికి అప్పటిదాకా ఒక్క దారే ఉంది. ఈవిడ వచ్చి దానికి అడ్డంగా కూర్చుంది. కోపం మాత్రం పోలేదు. కొట్టని తల్లి కావాలంటే ఊహించుకోవచ్చు. నేను నమ్మి చెప్పిన తల్లిని తీసుకెళ్ళి, నా తప్పు కడిగేసి, నూరు మంది ముందు పెట్టడమెందుకు?

"నేనే ఇట్లా మంచాన పడితే అది చేస్తుందంటావా?" అని అడిగింది ఆవిడ.

"తెలియదండి" అన్నాను. అబద్ధం చెప్పవలసిన చోట చెప్పలేకపోయాను.

ఆవిడ ఆ పిండి ఎలా ఉంటుందో చూపించమంది. ఇంట్లో లేదంటే, "అయితే కలుపు" అంది. నెల తర్వాత మళ్ళీ మూకుడు పొయ్యి మీద పెట్టాను. ఆవిడ పక్కన నిలబడింది. ఏ వాసన వేయమంటారని అడిగితే, తనకు తెలియదంది. మిషను నూనె వాసన తప్ప ఇంకేదీ పట్టించుకోలేదట ఇన్నాళ్ళూ. యాలకులు వేశాను. వేడి ముద్ద చేతిలో పెడితే, వంకరవేలితో నొక్కి నొక్కి చూసి, "వేళ్ళకు సుఖంగా ఉంది" అంది. కవర్లో చుట్టి ఇచ్చాను. సాయంత్రం రైలుకు స్టేషను దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాను.

సోమవారం ఆ అమ్మాయి బడికి వచ్చీ రాగానే నన్ను వరండాలోకి పిలిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. క్షమాపణ చెప్తుందనుకున్నాను.

"అమ్మకు ఎందుకు చెప్పావక్కా?" అంది.

"నేను చెప్పలేదు. మీ అమ్మగారు ఫోన్లో చూసి వచ్చారు."

"నువ్వు అవునన్నావుగా. మీ అమ్మదని చెప్పావుగా. ఏదో ఒకటి సర్ది చెప్పొచ్చుగా. అమ్మ నాతో మాట్లాడటం లేదు. అన్నం పెట్టి లేచిపోతుంది."

"మా అమ్మను మా అమ్మ అని చెప్పడం కూడా తప్పా?"

"నువ్వు నా వైపు ఉంటావనుకున్నా" అంది.

బాపట్ల హాల్లో కంటే ఆ వరండాలో నాకు ఎక్కువ నొప్పి కలిగింది. అక్కడ ఆమె నా కథ తీసుకుంది. ఇక్కడ మోసపోయింది తనేనని నిజంగా నమ్ముతోంది. నేను లోపలికి వెళ్ళి పిల్లల హాజరు వేశాను. సంవత్సరాంతానికి ఆమె మా బడి మానేసి రేపల్లెలో ఒక బడిలో చేరింది. వెళ్ళేటప్పుడు పిల్లలందరికీ చాక్లెట్లు పంచింది. నా బల్ల మీద కూడా ఒకటి పెట్టి వెళ్ళింది.

కొత్త ఏడాది బడి తెరిచాక ముద్దలు మళ్ళీ మొదలుపెట్టాను. అప్పుడు తల్లిదండ్రుల సమావేశంలో ఒకావిడ, "ఆ వీడియోలో టీచరుగారు నేర్పిందేనా అండి ఇది?" అని అడిగింది. మైకు లేదు, ఇరవై మంది ఉన్నారు. లేచి నిలబడి, ఇది మా అమ్మకోసం చేసిందని చెప్పాను. ఉప్పు ఎక్కువ కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలని, పెట్టుకున్నా కొట్టకూడదని చెప్పాను. ఒకసారి నేను కొట్టానని కూడా చెప్పాను. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. ఒకాయన నిమ్మఉప్పు ఎంత వేయాలని అడిగి రాసుకున్నాడు.

వాళ్ళమ్మ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. ముద్ద ఎండిపోతే ఏం చెయ్యాలి, గోధుమపిండితో చెయ్యొచ్చా అని అడుగుతుంది. కూతురి సంగతి ఆవిడ ఎత్తదు, నేను అడగను.

పోయిన నెల తెనాలి స్టేషన్లో ఆ అమ్మాయి ఎదురైంది. రేపల్లె బండికి పరుగున వెళుతూ నన్ను చూసి ఆగింది. సన్నబడింది.

"తప్పయిపోయిందక్కా" అంది. చాలాకాలంగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్న మాటలా ఉంది.

నేను ఎదురుచూసిన మాటే. వచ్చాక ఏం చెయ్యాలో తెలియలేదు. ఫరవాలేదు అనడానికి నోరు రాలేదు, అది అబద్ధం కాబట్టి. ఇంకా కోపంగా ఉందని చెప్పినా పూర్తి నిజం కాదు.

"మీ అమ్మగారు మాట్లాడుతున్నారా?" అని అడిగాను.

"కొంచెం. నిన్న జ్వరమొస్తే నుదురు పట్టి చూసింది."

"మంచిది. బండి కదులుతుంది, వెళ్ళు" అన్నాను.

ఆమె వెళ్ళి ఎక్కింది. నేను మెట్లెక్కి అవతలి ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళిపోయాను.